పూర్ణాంకం పొర్లే చోటు

కంప్యూటర్‌లో ఒక సంఖ్యకు ఎంత చోటివ్వాలో ప్రోగ్రాం రాసేటప్పుడే ఖరారైపోతుంది. 8, 16, 32, 64 బిట్లు అన్నవి వాడుకలో ఉన్న కొలతలు. కాగితం మీద లెక్క వేసే గుమాస్తాకు గడి చాలకపోతే అంచు దాటి ఇంకో అంకె రాస్తాడు, చూసినవాళ్లకు అది తెలుస్తుంది. యంత్రానికి ఆ వీలు లేదు. పట్టినన్ని బిట్లు ఉంచుకుని పట్టని పై బిట్లను వదిలేస్తుంది, ఏమీ జరగనట్టు తర్వాతి పనికి వెళ్లిపోతుంది. ఈ పొర్లడాన్నే ఓవర్‌ఫ్లో అంటారు. లెక్క తప్పడం ఒక ఎత్తు. తప్పిందన్న సంగతి ఎవరికీ చెప్పకపోవడం మరో ఎత్తు. సీ, సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల్లో, యంత్రానికి దగ్గరగా పనిచేసే ప్రోగ్రాముల్లో ఈ కాపలా బాధ్యత పూర్తిగా రాసేవారిదే.

గుంటూరు మిర్చి యార్డులో గానీ, పర్చూరు, మార్టూరు వైపు పత్తి కొనే చోట గానీ కనిపించే ఎలక్ట్రానిక్ కాటా లాంటిదాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. బరువు పడగానే రవ్వంత వంగే లోహపు కడ్డీ ఒకటి, ఆ వంపును సంఖ్యగా మార్చే చిప్పు ఒకటి, ఆ సంఖ్యను కిలోలుగా చూపించే చిన్న మైక్రోకంట్రోలర్ ఒకటి అందులో ఉంటాయి. ఏవీఆర్ తరహా 8 బిట్ల మైక్రోకంట్రోలర్ మీద సీ భాషలో ‘ఇంట్’ అని రాస్తే దొరికేది 16 బిట్లే. అందులో ఒక బిట్టు ప్లస్, మైనస్ గుర్తుకు పోగా మిగిలిన చోటులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. ఇప్పుడు 45 కిలోల మిరప టిక్కీ (బస్తా) ఒకటి కాటా మీదికి వచ్చిందనుకుందాం. ప్రోగ్రాం బరువును గ్రాముల్లో లెక్కిస్తే అది 45,000. ఆ సంఖ్యకు ఆ గదిలో చోటు లేదు. మామూలుగా అక్కడ మిగిలేది మైనస్ 20,536.

ఈ వింత సంఖ్యకు కారణం చాలా మామూలుది. గుర్తున్న సంఖ్యల్లో అన్నిటికన్నా పై బిట్టు విలువ ప్లస్ 32,768 కాదు, మైనస్ 32,768. ఆ బిట్టు వెలగనంత వరకు సంఖ్య ధనాత్మకం. 32,767కు ఒకటి కలిపితే ఆ బిట్టు వెలుగుతుంది, సంఖ్య ఒక్కసారిగా అట్టడుగుకు, అంటే మైనస్ 32,768కి పడిపోతుంది. 45,000 లోంచి 65,536 తీసేస్తే మైనస్ 20,536 వస్తుంది. బిట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటిని చదివే తీరే మారింది. గుర్తు లేని 16 బిట్ల సంఖ్యగా పెట్టుకుని ఉంటే 65,535 దాకా పట్టేది, టిక్కీ బరువు సరిగ్గానే కనిపించేది. అయితే రెండు టిక్కీలు కలిపి పెడితే 90,000 అవుతుంది. అప్పుడు అదీ పొర్లి 24,464 మిగులుతుంది.

ఈ రెండు తప్పుల్లో ఎక్కువ ప్రమాదం రెండోదానితోనే. మైనస్ బరువు కనబడితే హమాలీ కూడా కాటా చెడిందని చెప్పేస్తాడు. ‘24 కిలోల 464 గ్రాములు’ అని కనబడితే నమ్మడానికి వీలున్న సంఖ్యే కదా అనిపిస్తుంది. అందుకే తేడా కళ్లకు కనిపించకపోతుందా అన్న ఆశ మీద ఆధారపడకుండా, లెక్కలోనే పట్టుకునే ఏర్పాటు ఉండాలి.

ఇంతకన్నా లోతుగా దాగే పొరపాటు తక్‌పట్టీ లెక్కలో, అంటే రైతుకు రావలసిన డబ్బు తేల్చే చీటీలో కనిపిస్తుంది. మిర్చికి ధర క్వింటాలుకు చెబుతారు, తూకం కిలోలూ గ్రాముల్లో పడుతుంది, డబ్బు రూపాయి పైసల్లో ఉంటుంది. దశాంశాలతో వచ్చే చిల్లర తేడాలు లేకుండా ఉండాలని ప్రోగ్రామర్లు బరువును గ్రాముల్లో, డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా పెట్టుకోవడం మంచి అలవాటే. క్వింటాలంటే 1,00,000 గ్రాములు. కాబట్టి సూత్రం తేలిక: గ్రాములు × క్వింటాలు ధర పైసల్లో ÷ 1,00,000. ఒక రైతు 40 టిక్కీలు తెచ్చాడు, నికర బరువు 18 క్వింటాళ్లు, ధర క్వింటాలు 15,000 రూపాయలు అనుకుందాం. రావలసింది 2,70,000 రూపాయలు, అంటే 2,70,00,000 పైసలు. 32 బిట్ల గుర్తున్న సంఖ్యలో 2,14,74,83,647 దాకా పడుతుంది కాబట్టి జవాబుకు చోటు పుష్కలంగా ఉంది.

కానీ జవాబు కన్నా ముందు ఒక మెట్టు ఉంది. 18,00,000 గ్రాములను 15,00,000 పైసలతో గుణించాలి. ఆ లబ్ధం 27 తర్వాత పదకొండు సున్నాలు. 32 బిట్లకు అది అందదు. పై బిట్లు పోగా మిగిలేది గుర్తు లేని లెక్కలో 2,76,05,38,112. దాన్ని లక్షతో భాగిస్తే 27,605 పైసలు, అంటే 276 రూపాయల 5 పైసలు. అవే బిట్లను గుర్తున్న లెక్కలో చదివితే మైనస్ 153 రూపాయల 44 పైసలు. రెండు లక్షల డెబ్బై వేలు రావలసిన రైతు చేతిలో 276 రూపాయల చీటీ పడుతుంది, లేదా ఆయనే 153 రూపాయలు బాకీ తేలతాడు. సరుకు సరైనదే, ధర సరైనదే, తూకం సరైనదే, చివరి జవాబుకు కావలసిన చోటూ ఉంది. పొర్లింది నడుమ మెట్టులో.

ఇలాంటి నడుమ మెట్టు పొరపాటు పేరున్న ప్రోగ్రాం గ్రంథాలయాల్లోనూ ఏళ్ల తరబడి దాక్కుంది. వరుసలో పెట్టిన జాబితాలో ఒక విలువను వెతకడానికి మధ్య స్థానాన్ని చూసే పద్ధతి ఉంది. ఆ మధ్య స్థానం కోసం రెండు కొసల స్థానాలను కలిపి సగం చేస్తారు. జాబితా వంద కోట్లు దాటాక ఆ కూడికే పొర్లుతుంది. జావా గ్రంథాలయంలో ఈ తప్పు దాదాపు తొమ్మిదేళ్లు ఉండిపోయిందని 2006లో జాషువా బ్లాక్ బయటపెట్టాడు. కింది కొసకు, రెండు కొసల తేడాలో సగాన్ని కలిపితే అదే మధ్య స్థానం వస్తుంది, పొర్లే అవకాశం ఉండదు.

పొర్లడాన్ని పట్టుకోవడానికి ఎవరికైనా మొదట తట్టే ఉపాయం జవాబును చూసి అనుమానించడం. రెండు ధన సంఖ్యలను కలిపితే వచ్చేది రెంటికన్నా చిన్నదై ఉండకూడదు, చిన్నదైతే పొర్లినట్టే. గుర్తు లేని సంఖ్యల కూడికలో ఈ ఉపాయం ఎప్పుడూ తప్పదు. కారణం సూటిగా ఉంది. 32 బిట్ల కూడిక పొర్లితే, నిజమైన మొత్తంలోంచి 4,29,49,67,296 తగ్గుతుంది. కలిపిన సంఖ్య ఏదైనా అంతకన్నా చిన్నదే. కలిపినదాని కన్నా తీసేసినది ఎక్కువైనప్పుడు మిగిలేది మొదటి సంఖ్య కన్నా తప్పకుండా తక్కువవుతుంది. సీ భాష ప్రమాణం కూడా గుర్తు లేని సంఖ్యలు ఇలాగే చుట్టి తిరగాలని కచ్చితంగా చెబుతుంది, కాబట్టి ఈ పరీక్షను నమ్మవచ్చు.

ఇదే ఉపాయాన్ని గుణకారానికి వాడితే మాత్రం మోసపోతారు. పై లెక్కలో పొర్లిన లబ్ధం 276 కోట్ల పైచిలుకు. గుణించిన 18 లక్షల కన్నా, 15 లక్షల కన్నా అది ఎంతో పెద్దది. ‘జవాబు చిన్నదైందా?’ అని అడిగితే లేదనే వస్తుంది, తప్పుడు చీటీ దర్జాగా అచ్చవుతుంది. గుణకారం ఒక్కసారి కాదు, వందల చుట్లు చుట్టి రాగలదు. ఈ ఉదాహరణలో 628 చుట్లు తిరిగి వచ్చింది. ఎన్ని చుట్లు తిరిగినా ముల్లు ఎక్కడో ఒక చోట ఆగుతుంది, ఆగిన చోటు చుట్ల లెక్క చెప్పదు. గుర్తు లేని గుణకారానికి పనికొచ్చే వెనుక పరీక్ష వేరే ఉంది: లబ్ధాన్ని ఒక సంఖ్యతో తిరిగి భాగించి రెండోది వస్తుందేమో చూడాలి. 2,76,05,38,112ను 15,00,000తో భాగిస్తే 1,840 వస్తుంది. రావలసింది 18,00,000. పొర్లినట్టు తేలిపోయింది.

గుర్తున్న సంఖ్యల దగ్గరికి వచ్చేసరికి ఇంకో గండం ఎదురవుతుంది. చాలామంది అనుభవజ్ఞులు కూడా తడబడేది ఇక్కడే. సీ భాష ప్రమాణం ప్రకారం గుర్తున్న పూర్ణాంకం పొర్లితే ఫలితం ఇదీ అని నిర్వచనమే లేదు. చుట్టి తిరుగుతుందన్న హామీ లేదు. హామీ లేకపోవడమంటే ‘ఏదో ఒక తప్పు సంఖ్య వస్తుంది’ అని మాత్రమే అనుకోకూడదు. సరైన ప్రోగ్రాంలో అలాంటిది జరగనే జరగదని, ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్ నమ్మడానికి భాషే అనుమతి ఇస్తోంది. కంపైలర్ ఆ నమ్మకం మీదే ప్రోగ్రాంను కుదించి వేగవంతం చేస్తుంది.

ఆ నమ్మకం కాపలా వాక్యాన్నే మింగేయగలదు. ఒక సంఖ్యకు 100 కలిపి, వచ్చినది మొదటిదానికన్నా పెద్దదేనా అని పరీక్షించే వాక్యం ఉందనుకుందాం. పొర్లడం అనేదే లేని లోకంలో 100 కలిపితే సంఖ్య ఎప్పుడూ పెరుగుతుంది. కాబట్టి పరీక్షకు జవాబు ఎప్పుడూ ‘అవును’ అని కంపైలర్ తేల్చుకుంటుంది, ఎప్పుడూ నిజమయ్యే పరీక్ష దండగని తీసేస్తుంది. 2007 జనవరిలో జీసీసీ కంపైలర్ లోపాల జాబితాలో 30475 నంబరుతో నమోదైన ఫిర్యాదు సరిగ్గా ఇదే. 2,14,74,83,647కు 100 కలిపితే కాపలా వాక్యం అడ్డుపడాలి. అది మాయమైంది, మైనస్ 2,14,74,83,549 తెర మీద అచ్చయింది. ఫిర్యాదు చేసిన మనిషి కోపం అర్థం చేసుకోదగినదే. తలుపుకు తాళం వేసి వెళితే, దొంగలు రారు కదా అని తాళం తీసి పక్కన పెట్టినట్టుంది. అయినా కంపైలర్ చేసింది భాష నియమాలకు లోబడిందే. 2024లో ప్రచురితమైన సీ23 ప్రమాణం రుణ సంఖ్యలను బిట్లలో రాసే తీరును ఒకే ఒక్క పద్ధతికి ఖాయం చేసింది, కానీ పొర్లడాన్ని మాత్రం నిర్వచనం లేనిదిగానే ఉంచింది.

అందువల్ల గుర్తున్న సంఖ్యల విషయంలో లెక్క చేశాక జవాబును ప్రశ్నించడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఏటిలో దిగకముందే లోతు చూసుకున్నట్టు, ప్రశ్న లెక్కకు ముందే అడగాలి. ఆ ప్రశ్న అడిగే తీరులోనూ పొర్లే వీలు ఉండకూడదు. ‘ఏ, బి కలిపితే గరిష్ఠం దాటుతుందా?’ అని అడగడానికి ఆ రెంటినీ కలిపి చూడటం పనికిరాదు. ప్రశ్నను అటూ ఇటూ తిప్పి, ‘గరిష్ఠంలోంచి బి తీసేస్తే మిగిలే చోటు ఏకు చాలుతుందా?’ అని అడగాలి. బి ధన సంఖ్య అయినప్పుడు గరిష్ఠంలోంచి దాన్ని తీసేయడం ఎన్నడూ పొర్లదు. బి రుణ సంఖ్య అయితే కింది హద్దుతో ఇదే ప్రశ్న: కనిష్ఠంలోంచి బి తీసేస్తే వచ్చేదానికన్నా ఏ చిన్నదా అని.

గుణకారానికి ఈ ముందు ప్రశ్న భాగహారంగా మారుతుంది. పత్తి లెక్కతో అది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2025-26 సీజన్‌కు పొడుగు పింజ పత్తి కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. 16 బిట్ల గుర్తున్న సంఖ్యలో ఎన్ని క్వింటాళ్ల విలువ పడుతుంది? 32,767ను 8,110తో భాగిస్తే 4. నాలుగు క్వింటాళ్లకు 32,440, అంచు దాకా వచ్చి ఆగుతుంది. అయిదో క్వింటాలుతో 40,550 అయి పొర్లుతుంది. క్వింటాళ్లు 4 మించాయా అని ముందే అడిగితే చాలు, ప్రమాదకరమైన గుణకారం జోలికే పోనక్కర్లేదు. మిర్చి లెక్కకూ అదే కొలబద్ద పెడితే 2,14,74,83,647 ÷ 15,00,000 అంటే 1,431. అంటే ఆ సూత్రం 32 బిట్లలో కిలోన్నర మిరపకాయలకు కూడా పనికిరాదు. 1,431 గ్రాముల దాకా సరైన జవాబు, ఇంకొక్క గ్రాము వేస్తే తప్పు.

ధన సంఖ్యలైతే ఈ ఒక్క ప్రశ్న సరిపోతుంది. గుర్తులు కలగలిసినప్పుడు రెండూ ధనం, రెండూ రుణం, ఏ మాత్రమే రుణం, బి మాత్రమే రుణం అని నాలుగు దారులు విడివిడిగా చూడాలి, సున్నాతో భాగించకుండా ఇంకో కన్ను వేయాలి. భాగహారంలో సున్నా కాకుండా పొర్లే సందర్భం ఒకటే ఉంది: 32 బిట్ల కనిష్ఠమైన మైనస్ 2,14,74,83,648ను మైనస్ 1తో భాగించడం. రావలసిన ధన సంఖ్య గరిష్ఠం కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ. ఇంటెల్ తరహా ప్రాసెసర్ ఇక్కడ మౌనంగా ఉండదు, ప్రోగ్రాంను అక్కడికక్కడే ఆపేస్తుంది. కనిష్ఠానికి గుర్తు తీసి ధనంగా మార్చబోయినా అలాగే పొర్లుతుంది.

తీసివేత దగ్గర అపాయం తరచుగా గుర్తు లేని సంఖ్యలతో వస్తుంది. బరువు రుణం కాదు కదా అని గుర్తు లేని రకాన్ని ఎంచుకుంటారు, అది సబబుగానే అనిపిస్తుంది. ఖాళీ సంచి బరువు 1,000 గ్రాములని ముందే నమోదై ఉంది. కాటా మీద ఏదో తేలికైనది పెడితే 800 గ్రాములు చూపింది. 800 లోంచి 1,000 తీసేస్తే మైనస్ 200 కాదు, 4,29,49,67,096 వస్తుంది. నికర బరువు 42 లక్షల కిలోల పైమాటే. తీసేసే ముందు ‘సంచి బరువు మొత్తం బరువును మించిందా?’ అని ఒక్క పోలిక వేసి ఉంటే సరిపోయేది.

ఇన్ని ప్రశ్నలు అడగకుండా పెద్ద గది తీసుకోవచ్చు కదా అన్న ఆలోచన న్యాయమైనదే, చాలా చోట్ల అదే మంచి దారి కూడా. 64 బిట్ల గుర్తున్న సంఖ్య పైసల్లో 92,000 లక్షల కోట్ల రూపాయలకు మించి పట్టగలదు. కేంద్ర ప్రభుత్వపు 2025-26 బడ్జెట్ సుమారు 50 లక్షల కోట్లు. అలాంటి బడ్జెట్లు పద్దెనిమిది వందలు అందులో ఇముడుతాయి. మిర్చి చీటీ ఏ మూలకు! కానీ పెద్ద గదిని ఎక్కడ తెరవాలో చూసుకోవాలి. 32 బిట్ల సంఖ్యలు రెండింటిని గుణించి, ఆ జవాబును 64 బిట్ల గదిలో పెట్టడం అందరూ చేసే తప్పు. గుణకారం 32 బిట్లలోనే జరిగి, అక్కడే పొర్లి, పొర్లిన సంఖ్యే పెద్ద గదిలోకి నడిచి వస్తుంది. గుణించే ముందే ఒక సంఖ్యనైనా 64 బిట్లకు మార్చుకోవాలి.

ఇంకొందరు గుణకారాన్ని తప్పించుకోవడానికి ముందు భాగిస్తారు: గ్రాములను లక్షతో భాగించి క్వింటాళ్లు తెచ్చి, ఆపైన ధరతో గుణిస్తారు. 18 క్వింటాళ్ల రాశికి జవాబు చక్కగా వస్తుంది, అందుకే తప్పు బయటపడదు. 17 క్వింటాళ్ల 63 కిలోలు వచ్చిన రోజు పూర్ణాంక భాగహారం 17 మాత్రమే ఇస్తుంది. 63 కిలోలు గాలిలో కలిసిపోతాయి. 15,000 ధర మీద రైతుకు 9,450 రూపాయల నష్టం. పొర్లడం పోయి తరుగు వచ్చింది. ఇది మందు కాదు.

చిన్న సంఖ్యలతోనూ ఒక ఉచ్చు ఉంది. 16 బిట్ల గుర్తు లేని రెండు సంఖ్యలను 32 బిట్ల యంత్రం మీద గుణిస్తే సీ భాష వాటిని చెప్పాపెట్టకుండా గుర్తున్న 32 బిట్ల సంఖ్యలుగా మార్చి గుణిస్తుంది. 65,535ను దానితోనే గుణిస్తే 429 కోట్లు వస్తుంది, గుర్తున్న 32 బిట్ల హద్దు 214 కోట్లే. గుర్తు లేనివి కాబట్టి క్షేమమనుకున్న చోటే నిర్వచనం లేని పొర్లడం.

నిజానికి ప్రాసెసర్‌కు పొర్లిన సంగతి తెలుసు. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో కూడిక ఆదేశం తర్వాత, ఆర్మ్ తరహావాటిలో జెండాలు మార్చే రకం కూడిక ఆదేశం తర్వాత, రెండు చిన్న జెండాలు లేస్తాయి లేదా వాలుతాయి. ఒకటి గుర్తు లేని లెక్కలో పై అంకె బయటికి పోయిందని చెప్పే క్యారీ జెండా, రెండోది గుర్తున్న లెక్క పొర్లిందని చెప్పే ఓవర్‌ఫ్లో జెండా. అసెంబ్లీలో రాసేవారు ఆ జెండా చూసి దారి మళ్లవచ్చు. సీ భాష మాత్రం ఆ జెండాలను ప్రోగ్రామర్‌కు చూపించలేదు. దశాబ్దాల పాటు, యంత్రం దగ్గర ఉన్న సమాచారాన్ని రాసేవారు భాగహారాలతో మళ్లీ కొత్తగా కనిపెట్టుకోవలసి వచ్చింది. రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లలో అసలు జెండాలే లేవు, అక్కడ ఫలితాన్ని పోల్చి చూసే అదనపు ఆదేశాలు కంపైలరే రాస్తుంది.

ఈ లోటు తీరింది 2015లో, జీసీసీ అయిదో విడుదలతో. కలపడం, తీసేయడం, గుణించడం ఒక్కోదానికి కంపైలర్‌లోనే ఒక ప్రత్యేక పిలుపు ఏర్పడింది. రెండు సంఖ్యలు, జవాబు పెట్టాల్సిన చోటు ఇస్తే, అది లెక్కను హద్దుల్లేని పూర్ణాంకాల్లో చేసినట్టుగానే చేసి, జవాబు ఆ చోటులో పట్టిందా లేదా అన్న నిజాన్ని తిరిగి ఇస్తుంది. నిర్వచనం లేని ప్రవర్తన ఊసే ఉండదు, నాలుగు గుర్తుల దారులు రాసుకునే పని ఉండదు, వీలైన చోట జెండానే చూస్తుంది కాబట్టి ఖర్చూ తక్కువ. క్లాంగ్ అనే మరో కంపైలర్ కూడా ఈ పిలుపులను ఇస్తుంది. సీ23 ప్రమాణం వీటినే సీకేడీ యాడ్, సీకేడీ సబ్, సీకేడీ మల్ అన్న పేర్లతో భాషలోకి తీసుకుంది. ఈరోజు కొత్తగా సీలో రాసేవారు చేతిరాత పరీక్షల కన్నా వీటినే ముందు ఎంచుకోవాలి. రస్ట్ భాష ఇంకో అడుగు ముందుకు వేసింది. తనిఖీతో కలపాలా, చుట్టి తిరగాలా, హద్దు దగ్గర ఆగాలా అన్నది రాసేవారు పేరు పెట్టి చెప్పవచ్చు. ఏమీ చెప్పకుండా మామూలు కూడిక రాస్తే పరీక్షా రూపంలో ప్రోగ్రాం ఆగిపోతుంది, విడుదల రూపంలో ప్రత్యేకంగా అడిగితే తప్ప చుట్టి తిరుగుతుంది.

మొత్తాలు పేర్చుకుంటూ పోయే లెక్కకు ప్రతి మెట్టులోనూ కాపలా ఉండాలి. సీజన్‌లో గుంటూరు యార్డుకు లక్ష టిక్కీలు దాటి సరుకు దిగే రోజులు ఉంటాయి. టిక్కీకి 45 కిలోల చొప్పున లక్ష టిక్కీలంటే 45,000 క్వింటాళ్లు, గ్రాముల్లో 450 కోట్లు. గుర్తు లేని 32 బిట్లు కూడా 429 కోట్ల దగ్గర నిండిపోతాయి. రోజు చివర మిగిలేది 20,50,32,704 గ్రాములు, అంటే 2,050 క్వింటాళ్లు. చివరి మొత్తాన్ని మాత్రమే చూసేవారికి ఇది మందకొడి మార్కెట్‌లా కనిపిస్తుంది. పొర్లింది 95 వేల టిక్కీలు దాటాక ఒకే ఒక్క కూడికలో. ఆ క్షణంలో కొత్త మొత్తం పాత మొత్తం కన్నా తగ్గింది, తర్వాత మళ్లీ పెరుగుతూనే పోయింది.

చుట్టి తిరగడమే మేలు చేసే చోటు కూడా ఒకటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో అమ్ముడుపోని మిర్చి గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు చేరి నెలల తరబడి ఉంటుంది. చలి యంత్రాలను నడిపే కంట్రోలర్ లాంటి పరికరాల్లో సమయాన్ని మిల్లీసెకన్లలో లెక్కించే 32 బిట్ల గడియారం సాధారణం. అది 49 రోజుల 17 గంటల తర్వాత సున్నాకు తిరిగి వస్తుంది. అదే వ్యవధి దాటాక విండోస్ 95 బిగుసుకుపోయేది. ‘ఇప్పటి సమయం, మొదలైన సమయానికి పది నిమిషాలు కలిపినదాన్ని దాటిందా?’ అని అడిగితే తిరిగి వచ్చే ఆ క్షణంలో పోలిక తలకిందులవుతుంది. ‘ఇప్పటి సమయంలోంచి మొదలైన సమయం తీసేస్తే పది నిమిషాలు దాటిందా?’ అని గుర్తు లేని తీసివేతతో అడిగితే, చుట్టు తిరిగినా తేడా సరిగ్గానే వస్తుంది. కొలిచే వ్యవధి 49 రోజుల లోపు ఉంటే చాలు. బీజగణితంలో రెండూ ఒకటే అసమీకరణం, యంత్రంలో కావు.

పొర్లిందని తెలిశాక ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. అది మొదటిదాని కన్నా తేలిక కాదు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయాణంలో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల గుర్తున్న పూర్ణాంకంగా మార్చబోతే అది పట్టలేదు. అక్కడ పొర్లడాన్ని యంత్రం పట్టుకుంది. పట్టుకున్నాక ఏం చేయాలో సరిగ్గా రాసి లేదు. దిశ చెప్పే కంప్యూటర్ తనను తాను ఆపేసుకుంది. తోడుగా ఉన్న రెండో కంప్యూటర్‌లోనూ అదే ప్రోగ్రాం ఉండటంతో అది అంతకుముందే ఆగిపోయింది. ఆగేముందు పంపిన లోపం వివరాలను ప్రధాన కంప్యూటర్ దిశ సమాచారంగా చదువుకుంది. బయలుదేరిన 40 సెకన్లకు కాస్త అటూ ఇటూగా రాకెట్ ముక్కలైంది. ఆ లెక్కలో హద్దు దాటగల ఏడు రాశుల్లో నాలుగింటికి కాపలా పెట్టి, మూడింటిని కంప్యూటర్ భారం తగ్గించడానికి వదిలేశారని విచారణ సంఘం తేల్చింది. పాత ఏరియన్ 4 వేగాలకు ఆ మూడూ హద్దులోనే ఉండేవి.

ఏం చేయాలన్నది పనిని బట్టే ఉంటుంది. పాటలో శబ్దం హద్దు దాటితే గరిష్ఠం దగ్గర ఆపేయడం మంచిది, చెవికి చిన్న గీరు మాత్రమే తగులుతుంది. తక్‌పట్టీలో పైసల మొత్తం దగ్గర అదే చేస్తే 2 కోట్ల 14 లక్షల రూపాయల చీటీ ఎవరో ఒకరికి పోతుంది. డబ్బు లెక్కలో పొర్లితే చీటీ అచ్చు కాకూడదు, ఆ రాశి నంబరుతో సహా తెర మీద తెలియాలి, రైతు, గుమాస్తా ఇద్దరూ కాటా దగ్గర ఉండగానే తెలియాలి. మెమరీ అడిగే చోట ఇంకా కఠినంగా ఉండాలి. ‘ఇన్ని వస్తువులు, ఒక్కోటి ఇంత పరిమాణం’ అని గుణించి చోటు అడిగినప్పుడు లబ్ధం పొర్లితే చిన్న గది దొరుకుతుంది, ప్రోగ్రాం అందులో పెద్ద సరుకు దింపుతుంది, పక్క గదుల్లోని సమాచారం చెరిగిపోతుంది. దాడి చేసేవారు కోరుకునేది అదే. 2015లో ఆండ్రాయిడ్ ఫోన్లను కలవరపెట్టిన స్టేజ్‌ఫ్రైట్ లోపాల మూలం వీడియో ఫైలు చదివేచోట జరిగిన ఇలాంటి పూర్ణాంక పొరపాట్లలోనే ఉంది. బయటి నుంచి వచ్చిన ఏ సంఖ్యనైనా లెక్కలోకి దించకముందే హద్దులు చూడాలి.

ఇక పరీక్షలు. నవంబరులో నాలుగు బస్తాలతో నడిపి చూసిన ప్రోగ్రాం మార్చిలో లక్ష టిక్కీలకు నిలబడుతుందని చెప్పలేం. హద్దులకు అటూ ఇటూ ఉన్న జతలతోనే నడిపి చూడాలి: 1,431 గ్రాములు, 1,432 గ్రాములు, 32,767, 32,768, సున్నా, మైనస్ 1, కనిష్ఠం. జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ గుర్తున్న సంఖ్యల పొర్లడాన్ని కాపుకాసే శానిటైజర్ ఉంది. దాన్ని తగిలించి కంపైల్ చేస్తే, లెక్క పొర్లిన క్షణంలో ఏ ఫైలు, ఏ వరుస, ఏ రెండు సంఖ్యలు అన్నది అచ్చు వేస్తుంది. గుర్తు లేని సంఖ్యలు చుట్టి తిరగడం చట్టబద్ధమే కాబట్టి వాటిని ఇది పట్టించుకోదు. క్లాంగ్‌లో వాటికి వేరే మీట ఉంది. అది వేస్తే గడియారం తీసివేత లాంటి కావాలని రాసిన చుట్లు కూడా చిట్టాలోకి ఎక్కుతాయి, వాటిని ఒక్కొక్కటిగా చూసి ఏది కావాలని రాసిందో, ఏది పొరపాటో విడదీయాలి. తనిఖీ ఉన్న రూపంలో 18,00,000ను 15,00,000తో గుణించే ఆ వరుసను ఒక్కసారి నడిపితే చాలు, శానిటైజర్ ఆ రెండు సంఖ్యలనూ పేరు పెట్టి చూపిస్తుంది.